నొప్పుల మాత్ర వేసుకుంటే ఏం తినాలి, ఏం మానాలి?

కీళ్ళ నొప్పులపై వెనుకటి సంచికలో వచ్చిన వ్యాసం చదివి విజయవాడ, గుంటూరు ప్రాంతాల పాఠకులు రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పథ్యం గురించే ఉన్నాయి. నొప్పుల మాత్రలు వాడేటప్పుడు పులుపు తినవచ్చా, కారం మానాలా, పాలతో వేసుకోవచ్చా అని అడిగారు. అన్నిటికీ చోటు లేదు కనుక, ఎక్కువమందికి పనికివస్తాయనుకున్న కొన్ని ప్రశ్నలను ఎంచుకున్నాం. సమాధానాలు చదివే ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. జ్వరానికీ నొప్పికీ వాడే పారాసెటమాల్ ఒక రకం. నొప్పితో పాటు వాపును కూడా తగ్గించే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ వంటివి మరొక రకం. మొదటి రకం మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రెండవ రకం కడుపును, మూత్రపిండాలను, రక్తపోటును ఇబ్బంది పెడుతుంది. తిండితో వచ్చే చిక్కులు కూడా ఈ తేడాను బట్టే ఉంటాయి. మీకు రాసిచ్చిన మాత్రను మానాలన్నా, మార్చాలన్నా మీ వైద్యులను అడిగిన తర్వాతే ఆ పని చేయండి.

ప్రశ్న: నా వయసు 58 సంవత్సరాలు. రెండు మోకాళ్ళూ అరిగాయన్నారు. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. కడుపులో ఒకటే మంట. కారం, పులుపు, గోంగూర, వంకాయ పూర్తిగా మానేయమని మా అత్తగారు చెప్పారు. మానేసి నెల దాటినా మంట తగ్గలేదు. ఇంకా ఏమేమి మానాలి?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: అమ్మా, ఇంకేమీ మానవలసిన పని లేదు. మీరు మానేసిన పదార్థాల కన్నా మీరు వేసుకుంటున్న మాత్రే ఈ మంటకు కారణమై ఉండే అవకాశం ఎక్కువ.

కడుపులో ఊరే ఆమ్లం కడుపు గోడను తినేయకుండా ఒక జిగురు పొర కాపాడుతూ ఉంటుంది. ఆ పొర ఊరడానికీ, కడుపు గోడకు రక్తం చక్కగా అందడానికీ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కావాలి. మోకాలిలో వాపును, నొప్పిని పెంచేవి కూడా ఆ పదార్థాలే. ఆస్పిరిన్, దాని కోవకు చెందిన మందులు శరీరంలో వీటి తయారీనే అడ్డుకుంటాయని ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో కనుగొన్నారు. ప్రోస్టాగ్లాండిన్లపై జరిగిన కృషికి 1982లో ఇచ్చిన నోబెల్ బహుమతిని ఆయన మరో ఇద్దరితో కలిసి అందుకున్నారు. అంటే మోకాలికి మేలు చేసే పనే కడుపుకు రక్షణ లేకుండా చేస్తుంది. మాత్ర కడుపు గోడకు నేరుగా తగలడం వల్ల కొంత హాని ఉన్న మాట నిజమే కాని, మందు రక్తంలో కలిసిన తర్వాత జరిగే హాని అంతకన్నా పెద్దది. అందుకే ఇదే మందును సూదిగా వేయించుకున్నా కడుపులో పుండు పడవచ్చు. మాత్ర అయితే కడుపు పాడవుతుందని, ఇంజక్షన్ అయితే ఫరవాలేదని వారానికి రెండుసార్లు వేయించుకునేవారు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. ఆ నమ్మకాన్ని వదులుకోవాలని వారిని గట్టిగా కోరుతున్నాను.

ఇక కారం సంగతి. 1988లో అమెరికాలో కొందరు ఆరోగ్యవంతులకు కారం దట్టించిన భోజనం పెట్టి, ఎండోస్కోపీతో వారి కడుపులోపలి గోడను పరిశీలించారు. చప్పటి భోజనంతో పాటు ఆస్పిరిన్ ఇచ్చినప్పుడు కడుపు గోడ మీద గాయాలు కనిపించాయి కాని, ఒక్క కారపు భోజనం వల్ల చెప్పుకోదగిన గాయాలు కనిపించలేదు. 1995లో సింగపూర్ వైద్యులు మరో అడుగు ముందుకు వేసి, ఆస్పిరిన్ ఇవ్వడానికి అరగంట ముందు మిరపపొడి ఇచ్చి చూస్తే ఆస్పిరిన్ చేసే గాయాలు తగ్గాయని గమనించారు. ఈ మాటలు చదివి ఎవరూ గుంటూరు కారాన్ని మందుగా వాడవద్దు. ఆ పరీక్షల్లో పాల్గొన్నవారు ఆరోగ్యవంతులు. అప్పటికే పుండు పడిన కడుపుకు కారం తగిలితే మంట పెరుగుతుంది, ఆ బాధ నిజమైనదే. నేను చెప్పదలచింది ఒక్కటే: కారం మానేశాను కనుక మాత్ర వల్ల ఇక హాని ఉండదని అనుకోవడం ప్రమాదకరం. మీ విషయంలో జరిగింది అదే. పథ్యం మీద నమ్మకంతో నెలరోజులు మంటను భరించి, మాత్రను మాత్రం అలాగే కొనసాగించారు.

పులుపు విషయంలో చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఆహారంతో పాటు చింతపండు రసం ఇస్తే ఆస్పిరిన్ రక్తంలోకి ఎక్కువగా చేరుతోందని 1996లో, ఐబుప్రొఫెన్ కూడా అలాగే చేరుతోందని 2003లో నైజీరియా పరిశోధకులు కొద్దిమంది ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షల్లో తేల్చారు. చారు, పులుసు, పులిహోర లేనిదే పూట గడవని మన ఇళ్ళకు ఇది తెలియవలసిన విషయమే. ఒక పూట పప్పుచారుతో భోజనం చేసి మాత్ర వేసుకున్నంత మాత్రాన ఏదో అయిపోతుందని భయపడనక్కరలేదు. అయితే ఆ మందులను రోజూ పూర్తి మోతాదులో వాడుతున్నవారు పులుసు భోజనం మీద అదనంగా మరో మాత్ర వేసుకోవడం మాత్రం మంచిది కాదు. గోంగూరను, వంకాయను మానిపించవలసిన కారణం నాకు కనిపించదు.

మీరు చేయవలసిన పనులు చెబుతాను. మాత్రను కడుపు నిండా తిన్న తర్వాత, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోండి. వేసుకున్న వెంటనే పడుకోవద్దు. మీ వైద్యులు పాంటాప్రజోల్ వంటి గ్యాస్ మాత్ర రాసి ఉంటే అది పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. చాలామంది రెండు మాత్రలనూ కలిపి భోజనం తర్వాత మింగేస్తారు, అప్పుడు గ్యాస్ మాత్ర పూర్తిగా పనిచేయదు. మంట నెల దాటింది కనుక వైద్యుల దగ్గరకు వెళ్ళి, ఇదే మాత్ర ఇంకా అవసరమా, మోతాదు తగ్గించవచ్చా, మోకాలిపై రాసుకునే డైక్లోఫెనాక్ జెల్‌తో సరిపెట్టుకోవచ్చా అని అడగండి. జెల్ నుంచి రక్తంలోకి చేరే మందు, మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా కడుపులో ఉన్నవారికి ఈ మాత్రలతో పుండు పడే అవకాశం మరింత ఎక్కువ కనుక ఆ పరీక్ష గురించి కూడా అడగవచ్చు. విరేచనం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం గాని కాఫీ పొడి లాంటి నలకలు గాని కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఐరన్ మాత్రలు వాడేవారికి కూడా విరేచనం నల్లగా రావచ్చు, ఆ సంగతి వైద్యులకు ముందే చెప్పండి.

ప్రశ్న: పొద్దున్నే తలనొప్పి వస్తే పరగడుపున కాఫీతో మాత్ర వేసుకోవడం అలవాటు. పాలతో వేసుకుంటే మంచిదని కొందరు అంటున్నారు. ఏది సరైనది?
– ఒక ఉద్యోగిని, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: మాత్ర ఏదో రాయలేదు. పారాసెటమాల్ అయితే పరగడుపున వేసుకోవచ్చు, నీళ్ళతో వేసుకోవడం మేలు. నిండు భోజనం మీద వేసుకుంటే అది రక్తంలోకి చేరడం కొంత ఆలస్యమవుతుంది తప్ప చేరే మొత్తం తగ్గదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి అయితే పరగడుపున, అందులోనూ కాఫీతో, వద్దు. కనీసం రెండు ఇడ్లీలో, ఒక గ్లాసు పాలో కడుపులో పడిన తర్వాత వేసుకోండి. కడుపులో కరగకుండా పేగులోకి వెళ్ళిన తర్వాతే కరిగేలా పూత పూసిన మాత్రలను నమలడం, నలపడం చేయకూడదు. వాటిని యాంటాసిడ్ సిరప్‌తో కలిపి కూడా వేసుకోకూడదు, ఆ పూత ముందే కరిగిపోవచ్చు. పూత ఉన్న డైక్లోఫెనాక్‌ను భోజనం తర్వాత వేసుకుంటే పనిచేయడం మొదలుపెట్టడానికి గంట మొదలుకొని నాలుగు గంటలకు పైగా ఆలస్యం కావచ్చు. ఈ సంగతి తెలియక, మాత్ర పనిచేయలేదనుకుని రెండోది వేసుకునేవారే ఎక్కువ.

కాఫీలోని కెఫీన్ నొప్పుల మాత్ర పనిని కొద్దిగా పెంచుతుంది. కొన్ని తలనొప్పి మాత్రల్లో కెఫీన్ కలిపేది అందుకే. కాని మీరు అలవాటు అన్న మాట నన్ను ఆలోచింపజేసింది. నెలలో 15 రోజులు, అంతకన్నా ఎక్కువ రోజులు మామూలు నొప్పుల మాత్రలు గాని, 10 రోజులకు తగ్గకుండా కెఫీన్ వంటివి కలిసిన మాత్రలు గాని నెలల తరబడి వాడుతూ ఉంటే ఆ మాత్రల వల్లనే తలనొప్పి తిరిగి తిరిగి వస్తుంది. మీరు వాడిన రోజులను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, ఆ క్యాలెండర్‌ను వైద్యులకు చూపించండి.

ప్రశ్న: మా వారికి 63 ఏళ్ళు. బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీరు తీసే మందు కూడా కలిసిన మాత్ర వేస్తున్నారు. నడుము నొప్పికి మందుల షాపులో ఇచ్చిన మాత్రలు మూడు వారాలుగా వాడుతున్నారు. ఈమధ్య పాదాలు వాస్తున్నాయి, బీపీ 160 దాటుతోంది. ఎండలు కదా అని రోజూ ఒక కొబ్బరి బోండం తాగుతారు, ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. తిండి వల్ల ఇలా జరుగుతోందా?
– పటమట, విజయవాడ

సమాధానం: తిండి, మాత్ర రెండూ కలిసి చేస్తున్న పని ఇది. ముందుగా చేయవలసినది చెబుతాను: షాపులో ఇచ్చిన నొప్పుల మాత్ర అట్టను తీసుకుని ఒకటి రెండు రోజుల్లో వైద్యుల దగ్గరకు వెళ్ళండి. వారు చూసేదాకా ఆ నొప్పుల మాత్ర ఆపడం మంచిది, బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), సోడియం, పొటాషియం పరీక్షలు చేయించమని వారు చెప్పవచ్చు. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా ఆ ఒకటి రెండు రోజులు కూడా ఆగకూడదు.

ఇప్పుడు కారణం. మూత్రపిండాలకు రక్తాన్ని తీసుకువెళ్ళే సన్నని నాళాలు తెరుచుకుని ఉండడానికి కూడా ప్రోస్టాగ్లాండిన్లే కావాలి. వాపు తగ్గించే నొప్పుల మాత్ర వాటిని తగ్గించినప్పుడు మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటకు పంపకుండా ఒంట్లోనే నిలవ ఉంచుతాయి. ఫలితంగా పాదాలు వాస్తాయి, బీపీ పెరుగుతుంది, బీపీ మందు బలం తగ్గుతుంది. ఈ స్థితిలో ఉన్న మనిషి రోజూ ఆవకాయ, వడియాలు, అప్పడాలు, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకుంటే ఒంట్లోకి వచ్చిన ఉప్పుకు బయటకు పోయే దారి ఉండదు. పెద్దవారు రోజుకు తీసుకునే ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒక టీస్పూను పాటి. పచ్చడి బద్ద మీద ఉన్న ఉప్పును, అన్నంలో కలుపుకున్న ఊటలోని ఉప్పును లెక్కలో వేసుకోకుండా, కూరలో ఉప్పు తగ్గించాం అని చెప్పేవారిని రోజూ చూస్తుంటాం.

ఉప్పు తగ్గించాలనుకుని కొందరు తక్కువ సోడియం ఉప్పు కొంటారు. అందులో కొంత సోడియం క్లోరైడ్ స్థానంలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. టెల్మిసార్టాన్ శరీరంలో పొటాషియాన్ని నిలిపి ఉంచే మందు, నొప్పుల మాత్ర కూడా పొటాషియాన్ని పెంచుతుంది. కొబ్బరి నీళ్ళలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 200 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకు మించి పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు బాగున్న మనిషికి రోజుకొక బోండం వల్ల ఇబ్బంది లేదు. కాని ఈ మందులన్నీ కలిసినప్పుడు, మూత్రపిండాల పని మందగించినప్పుడు, ఆ పొటాషియం గుండె లయను దెబ్బతీసే స్థాయికి పెరగవచ్చు. పరీక్ష ఫలితం వచ్చేదాకా మీ వారికి కొబ్బరి నీళ్ళు ఆపి మంచినీళ్ళు, ఉప్పు లేని పల్చని మజ్జిగ ఇవ్వండి.

మరొక మాట కూడా చెప్పాలి, ఇది రోహిణి కార్తె ఎండలున్న విజయవాడలో అందరికీ వర్తిస్తుంది. టెల్మిసార్టాన్ కోవకు చెందిన మందు, నీరు తీసే మందు, వాపు తగ్గించే నొప్పుల మాత్ర, ఈ మూడూ ఒకే మనిషి ఒంట్లో కలిసినప్పుడు మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే అవకాశం ఉందని వైద్యులు ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. ఎండలో తిరిగి చెమట పట్టి నీళ్ళు తక్కువ తాగిన రోజున, వాంతులు, విరేచనాలు అయిన రోజున ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అలాంటి రోజున నొప్పుల మాత్ర జోలికి పోకూడదు. మందుల షాపులో మాత్ర అడిగేటప్పుడు బీపీ మాత్ర పేరు చెప్పి అడగడం అలవాటు చేసుకోండి.

నడుము నొప్పికి బీపీ ఉన్నవారు పారాసెటమాల్ వాడడం చాలావరకు సురక్షితం. అయినా దానినీ నెలల తరబడి నిండు మోతాదులో వాడకూడదు. బీపీ ఉన్నవారికి రోజుకు 4 గ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చి చూస్తే బీపీ దాదాపు 5 పాయింట్లు పెరిగిందని 2022లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో పరిశోధకులు ప్రకటించారు. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగి కరిగే రకం మాత్రల్లో సోడియం ఎక్కువగా ఉంటుంది కనుక బీపీ ఉన్నవారు వాటిని రోజూ వాడకూడదు.

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. సీజన్‌లో పొద్దస్తమానం టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసి వస్తారు. ఒళ్ళు నొప్పులకు రాత్రిపూట ఒక క్వార్టర్ తాగి, నొప్పుల మాత్ర వేసుకుని పడుకుంటారు. అన్నం సరిగా తినరు. పొద్దున్నే మళ్ళీ డోలో 650 అనే పారాసెటమాల్ మాత్ర వేసుకుని పనికి పోతారు. పారాసెటమాల్ వల్ల ఏ ప్రమాదమూ లేదని ఒకరు, తాగేవారికి అదే ప్రమాదమని ఒకరు చెబుతున్నారు. ఏది నమ్మాలి?
– నల్లపాడు, గుంటూరు

సమాధానం: మీ నాన్నగారి గురించి మీరు పడుతున్న ఆరాటం సరైనదే. ఆయన చేసే పని ఎంత బరువైనదో గుంటూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ నొప్పులు నిజమైనవి, వాటికి ఉపశమనం కావాలి. అయితే ఆయన ఎంచుకున్న పద్ధతిలో రెండు ప్రమాదాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

రాత్రి వేసుకునేది వాపు తగ్గించే మాత్ర అయితే, మద్యం కడుపు గోడను ఒరిపిడి పెడుతూ ఉండగా, ఖాళీ కడుపుతో, రక్షణ తగ్గించే మందు దాని మీద పడుతోంది. కడుపులో రక్తస్రావానికి ఇంతకు మించిన అనుకూలమైన పరిస్థితి ఉండదు. పైన సత్యనారాయణపురం పాఠకురాలికి చెప్పిన ప్రమాద సూచనలు మీ నాన్నగారి విషయంలో మరింత జాగ్రత్తగా గమనించాలి. అది ట్రమడాల్ అనే మత్తు కలిగించే నొప్పి మందు కలిసిన మాత్ర అయితే మద్యంతో కలిసి మత్తు మితిమీరి, ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. అట్ట మీద ఏ మందు ఉందో ఈ రోజే చదవండి.

ఇక పారాసెటమాల్. మనం మింగిన పారాసెటమాల్‌లో చాలా భాగాన్ని కాలేయం హాని లేని పదార్థాలుగా మార్చి బయటకు పంపుతుంది. కొద్ది భాగం మాత్రం ఒక విష పదార్థంగా మారుతుంది. కాలేయంలో గ్లుటాథయోన్ అనే పదార్థం ఉండి, ఆ విషాన్ని పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. రోజూ తాగేవారిలో మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి పెరిగి, పారాసెటమాల్‌లో ఎక్కువ భాగాన్ని ఆ విషం వైపు మళ్ళిస్తుంది. అన్నం సరిగా తినని వారిలో గ్లుటాథయోన్ నిలవలు తరిగిపోతాయి. మీ నాన్నగారిలో ఈ రెండూ ఉన్నాయి. కనుక మామూలు మనిషికి హాని చేయని మోతాదు కూడా ఆయన కాలేయానికి భారం కావచ్చు. రోజుకు మూడు డ్రింకులు, ఆపైన తాగేవారు జాగ్రత్త పడాలని అమెరికాలో పారాసెటమాల్ పెట్టెల మీద హెచ్చరిక ముద్రిస్తారు. అక్కడ ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాలు. మన 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఉండేది 60 గ్రాముల దాకా.

ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటల్లో 4 గ్రాములు పారాసెటమాల్‌కు పైహద్దు. రోజూ తాగేవారికి, తిండి లేక చిక్కినవారికి చాలామంది వైద్యులు 2 గ్రాములు దాటనివ్వరు. అంటే 650 మాత్రలు రోజుకు మూడే. ఈ లెక్కలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, రాత్రి వేసుకునే నొప్పుల మాత్రలో కూడా చాలాసార్లు 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది. జలుబు మాత్రలోనూ ఉంటుంది. పేర్లు వేరు కనుక మందులు వేరనుకుని మూడు చోట్ల నుంచి ఒకే మందు వేసుకుంటారు.

ఏం చేయాలంటే, తాగిన రాత్రి ఏ నొప్పుల మాత్రా వేసుకోకుండా చూడండి. పని నుంచి రాగానే, తాగే ముందే, పప్పు, గుడ్డు, పెరుగు ఏదో ఒకటి కలిపి కడుపు నిండా అన్నం పెట్టండి. వేడినీళ్ళ స్నానం, నొప్పి ఉన్న చోట కాపడం, జెల్ రాసి మర్దన చేయడం వంటివాటితో రాత్రి గడపడం సాధ్యమేనని చూపించండి. కాలేయ పరీక్షకు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి తీసుకువెళ్ళండి. మద్యం మానిపించే ప్రయత్నం మంచిదే కాని, ఏళ్ళ తరబడి రోజూ తాగుతున్న మనిషిని ఒక్కసారిగా మానిపిస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు కనుక అది వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. పొరపాటున గాని, కోపంలో గాని ఎక్కువ మాత్రలు మింగితే, మనిషి బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచకండి. పారాసెటమాల్ విషం మొదటి 24 గంటల్లో పెద్దగా లక్షణాలు చూపించదు. దానికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, మొదటి 8 గంటల్లోపు ఇస్తే అది బాగా కాపాడుతుంది. 108కి ఫోన్ చేసి వెంటనే తీసుకువెళ్ళండి.

ప్రశ్న: నేను ఏటా భవానీ దీక్ష తీసుకుంటాను. ఏకభుక్తం కనుక మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం. చెప్పులు లేకుండా నడవడం వల్ల మోకాళ్ళు, మడమలు నొప్పెడతాయి. రెండు పూటలా వేసుకోమన్న మాత్రను ఎలా వేసుకోవాలి?
– ఒక భక్తుడు, భవానీపురం, విజయవాడ

సమాధానం: దీక్షకు ముందే మీ వైద్యులను కలిసి, రోజుకు ఒకేసారి వేసుకునే మాత్ర గాని, మోతాదు తగ్గించడం గాని సాధ్యమేమో అడగడం అన్నిటికన్నా మంచి మార్గం. దానిని మధ్యాహ్న భిక్ష తర్వాత వేసుకోవచ్చు. రెండోది తప్పనిసరి అయితే సాయంత్రం అల్పాహారం తర్వాత వేసుకోండి. పాలు, అరటిపళ్ళు, ఉప్మా ఏదైనా సరిపోతుంది. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసి, పూజ ముగించి, ఏమీ తినకుండా వాపు తగ్గించే మాత్ర వేసుకోవడం మాత్రం వద్దు. పారాసెటమాల్ అయితే పరగడుపున వేసుకున్నా కడుపుకు ఇబ్బంది లేదు కాని, ఒక్కపూట భోజనంతో రోజులు గడుపుతున్నప్పుడు దాని పైహద్దు దాకా పోకూడదు. నొప్పి కోసం ఆకలినీ దాహాన్నీ కలిపి భరించడం దీక్షలో భాగం కాదు. గిరి ప్రదక్షిణ రోజున నీళ్ళు తాగుతూ నడవండి. రంజాన్ ఉపవాసాలుండే పాఠకులు ఇలాంటి మాత్రను ఇఫ్తార్ భోజనం తర్వాత గాని, సహరీలో తిన్న తర్వాత గాని వేసుకునేలా వైద్యులతో మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: గుండె కవాటం మార్చి ఆరేళ్ళయింది. రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వాడుతున్నాను. ఆకుకూరలు పూర్తిగా మానేయమన్నారు. పంటి నొప్పి వస్తే ఏ మాత్ర వేసుకోవాలి? వెల్లుల్లి, అల్లం రక్తాన్ని పలచన చేస్తాయి కదా, అవీ మానాలా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. ఎసిట్రోమ్ ఆ విటమిన్ పనినే అడ్డుకుంటుంది. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ. అందుకని వాటిని మానేయాలన్నది పాత సలహా. తినే పరిమాణం వారం వారం ఇంచుమించు ఒకేలా ఉండాలన్నది ఇప్పటి సలహా. మీరు వారానికి రెండుసార్లు పప్పులో ఆకుకూర తింటుంటే అలాగే తినండి, ఆ అలవాటుకు తగినట్లే వైద్యులు మీ మాత్ర మోతాదు నిర్ణయిస్తారు. ఒక నెల పూర్తిగా మానేసి, కార్తికంలో రోజూ తినడం వంటి మార్పుల వల్లనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే పరీక్ష) లెక్క తప్పుతుంది.

పంటి నొప్పి విషయంలో పొరపాటుకు చోటు లేదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కెటోరోలాక్ వంటివి మీ అంతట మీరు వేసుకోవద్దు. ఇవి కడుపులో గాయం చేస్తాయి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాల పనినీ తగ్గిస్తాయి. దాని మీద ఎసిట్రోమ్ కలిస్తే, ఐఎన్ఆర్ సరిగ్గా ఉన్నా, రక్తస్రావం కావచ్చు. పారాసెటమాల్ కొద్ది మోతాదులో ఒకటి రెండు రోజులు వాడవచ్చు. అదే మందును రోజుకు 2 గ్రాములకు మించి రోజుల తరబడి వాడితే ఐఎన్ఆర్ పెరగవచ్చు కనుక అప్పుడు రక్త పరీక్ష చేయించుకోవాలి. దంత వైద్యులకు మీరు వాడే మందు పేరు కుర్చీలో కూర్చోక ముందే చెప్పండి.

కూరలో వేసే అల్లం, వెల్లుల్లి, పసుపు వల్ల మీకు ఇబ్బంది లేదు, మానవద్దు. అవే పదార్థాల సారాన్ని గాఢంగా నింపి కీళ్ళ నొప్పులకని అమ్మే క్యాప్సూల్స్ మాత్రం వాడవద్దు. అవి ఆహారం కాదు, మందులే.

గుండె కోసం ఎకోస్ప్రిన్ వంటి చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడేవారికి కూడా ఈ సందర్భంలో ఒక మాట. ఐబుప్రొఫెన్ ముందుగా వేసుకుంటే, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లపై చేయవలసిన పనికి అది అడ్డం వస్తుంది. పూత లేని మామూలు ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాత గాని, దానికి 8 గంటలకు ముందు గాని ఐబుప్రొఫెన్ వేసుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో సూచించింది. ఎకోస్ప్రిన్ పూత ఉన్న మాత్ర కనుక ఈ వ్యవధి దానికి అలాగే వర్తించదు. మీ వైద్యులను అడగకుండా ఆ రెండూ కలపవద్దు.

ప్రశ్న: నాకు గౌట్ (యూరిక్ ఆమ్లం చేరి కీళ్ళు వాచి నొప్పెట్టే జబ్బు) ఉంది. నొప్పి వచ్చినప్పుడు కాల్చిసిన్ వాడతాను. పుల్లని పండ్లన్నీ మానాలా?
– తెనాలి

సమాధానం: అన్నీ కాదు. కాల్చిసిన్‌ను శరీరం నుంచి తొలగించడంలో పేగులోని, కాలేయంలోని ఒక ఎంజైముకు పాత్ర ఉంది. గ్రేప్‌ఫ్రూట్‌లోని కొన్ని పదార్థాలు ఆ ఎంజైమును అణచివేస్తాయి. మన పంపర పనసలో కూడా అలాంటి పదార్థాలుంటాయి. ఎంజైము అణగితే మందు రక్తంలో పేరుకుంటుంది. కాల్చిసిన్ విషయంలో మేలు చేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ కనుక ఆ మందు వాడే రోజుల్లో పంపర పనస తినకండి. ఒక్కసారి తిన్నా పేగులో దాని ప్రభావం ఒక రోజు దాటి ఉంటుంది, ఉదయం పండు తిని సాయంత్రం మాత్ర వేసుకున్నా లాభం లేదు. సాత్‌గుడి బత్తాయి తీపి నారింజ జాతికి చెందినది, దానితో ఈ చిక్కు లేదు. బీరు గౌట్‌నే పెంచుతుంది కనుక అది ఎప్పుడూ వద్దు. కాల్చిసిన్ వేసుకున్నాక నీళ్ళ విరేచనాలు, వాంతులు మొదలైతే మోతాదు ఎక్కువైందనడానికి అది తొలి గుర్తు. తర్వాతి మాత్ర ఆపి, అదే రోజు వైద్యులకు ఫోన్ చేయండి.